నారలో మొలిచిన యక్షి

ఉద్దానంలో మా తాత గోగుకట్టలు చెరువులో ఊరేసి, నార ఒలిచి, అరుగు మీద కూర్చుని పలుపులు పేనేవాడు. 2019 వేసవిలో న్యూజెర్సీ నుంచి రైలెక్కి న్యూయార్క్ మెట్ బ్రాయర్ మ్యూజియానికి వెళ్ళి, మృణాళినీ ముఖర్జీ శిల్పాల ముందు నిలబడగానే ఆ అరుగే గుర్తొచ్చింది.

‘యక్షి’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1984లో చేసిన శిల్పం. నాకంటే ఎత్తు. అంతా నార తాడే, లెక్కలేనన్ని ముడులు. మగ్గం లేదు, ముందుగా గీసుకున్న బొమ్మ లేదు. రంగులద్దిన తాడును ఇనుప చట్రానికి కట్టి, ముడి మీద ముడి వేసుకుంటూ పోయేవారట ఆవిడ. ఒక్కోదానికి ఏడాది కూడా పట్టేదట. వంగి చూశాను. పొట్ట ఎక్కడ ముగిసిందో, ఆకు ఎక్కడ మొదలైందో తేలలేదు. జారిన ఆ పొరలు చీర కుచ్చిళ్ళనుకుంటే కుచ్చిళ్ళు, అరటిపువ్వు డొప్పలనుకుంటే డొప్పలు.

ఆడదాన్ని పువ్వుతో పోల్చడం మనకు కొత్తేం కాదు. కాకపోతే ఆ పోలికలో పువ్వెప్పుడూ సుకుమారమే, ఎవరో ఒకరు కోసుకునేదే. ఇక్కడి మరో శిల్పం ‘ఆది పుష్ప్’ని కోయడానికి చెయ్యి రాదు. సిగ్గూ బెదురూ లేకుండా విచ్చుకున్న దేహమది.

మృణాళిని 1949లో బొంబాయిలో పుట్టారు. తండ్రి చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ, తల్లి లీల శిల్పి. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ శిష్యురాలు. తాడు ముడులు కళా, చేతిపనా అని ఒకప్పుడు సందేహపడ్డవాళ్ళున్నారు. ఆ మాట నాకు కష్టంగా తోస్తుంది. ఉట్టి అల్లే చేతుల్లో ఎంత తెలివుందో మా ఇంట్లో చూసి పెరిగాను.

తర్వాత కంచు శిల్పాలు. ‘పామ్‌స్కేప్’ చూసేసరికి కాళ్ళు ఆగిపోయాయి. నేలరాలిన మట్టలా ఎండి, చీలి, మెలితిరిగి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరితోటల్ని పడగొట్టాక ఫోటోల్లో చూసినవి ఇలాంటి మట్టలే. కానీ ఈ కంచు మట్టలో చావు లేదు, ఇంకా ఏదో పైకి తోసుకొస్తున్న బిగువుంది. ఆవిడ చివరి పనుల్లో ఒకటది. 2015లో చేశారు, ఆ ఏడే కన్నుమూశారు.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. నూతి పక్కన ఒరిగిపోయిన కొబ్బరిచెట్టు సంగతి అడిగాను.

“దాన్ని కొట్టించలేదే. మొవ్వు పచ్చగానే ఉంది” అంది.