మృత సముద్రపు ఒడ్డు నుంచి ఉత్తరాలు

యెరూషలేము, మంగళవారం రాత్రి

నాన్నగారికి,

తిండికి ఇబ్బంది లేదని అమ్మతో చెప్పండి. మా బృందమంతా ఇవాళ ఒలీవ కొండకి వెళ్తే నేను ఇశ్రాయేలు మ్యూజియానికి వెళ్ళాను. మృత సముద్రం దగ్గర దొరికిన ఆ పాత చుట్టల్లో యేసు ప్రభువు ప్రస్తావన ఉందేమో కనుక్కోమన్నారు కదా. లేదు నాన్నగారూ. ఆయన పేరూ లేదు, బాప్తిస్మమిచ్చు యోహాను పేరూ లేదు. చాలా చుట్టలు ఆయన పుట్టకముందు రాసినవే. అలాగని వాటికీ సువార్తలకీ సంబంధం లేదనుకోకండి.

చుట్టల కోసమే కట్టిన భవనాన్ని 1965లో తెరిచారు. పైకప్పు తెల్లటి గుమ్మటం. చుట్టలు దాచిన మట్టి జాడీల మూత ఎలా ఉంటుందో అలా కట్టారు. దాని మీద నీళ్ళు చిమ్ముతూ ఉంటాయి. ఎదురుగా పెద్ద నల్లరాతి గోడ. ఈ చుట్టల తాలూకు సమాజం మనుషుల్ని వెలుగు కుమారులు, చీకటి కుమారులు అని రెండుగా విడదీసింది. ఈ తెలుపూ నలుపూ ఆ విభజనకి గుర్తు.

లోపల మసక వెలుతురు. నడిమధ్య గుండ్రటి అద్దాల అరలో యెషయా గ్రంథం చుట్టూ పరిచి ఉంది. అది నకలు. అసలు తోలు వెలుతురుకి పాడవుతుందని భద్రంగా దాచి ఉంచుతారు. పొడవు 7.34 మీటర్లు. 17 తోలు ముక్కల్ని కలిపి కుట్టారు. అందులో 54 నిలువు వరుసలు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదంటారు. ఇదే భవనంలో క్రీ.శ. 10వ శతాబ్దపు అలెప్పో ప్రతి కూడా ఉంది. చుట్టలు దొరికేదాకా హీబ్రూ బైబిలుకి చెప్పుకోదగ్గ పాత ప్రతులంటే ఆ కాలం నాటివే. ఇవి దొరకడంతో ఒక్కసారిగా వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళగలిగారు.

మీరైతే 33వ వరుస దగ్గర నిలబడిపోయేవారు. అది యెషయా 40వ అధ్యాయం. మనుషుల బతుకు గడ్డిలాంటిదనీ, నిలిచేది దేవుని మాట ఒక్కటేననీ చెప్పే చోటు. ఏడో వచనం మధ్యలో మొదటి వ్రాయసకాడు కొంత భాగం వదిలేసి ముందుకి వెళ్ళిపోయాడు. తర్వాతెవరో వేరే దస్తూరీతో ఆ భాగాన్ని పంక్తుల మధ్య ఇరికించి, చోటు చాలక ఎడమ అంచున నిలువుగా కిందికి దింపారు. అందులో దేవుని నామం రావాల్సిన చోట అక్షరాల్లేవు, నాలుగు చుక్కలున్నాయి. మీ తాళపత్రాల్లో హంసపాదం పెట్టి పైన రాసిన మాటలు గుర్తొచ్చాయి.

ఒకే మాట రెండుసార్లు వచ్చేసరికి వ్రాయసకాడి చూపు మొదటిదాని మీంచి రెండోదాని మీదికి దూకిందని తేల్చేయొచ్చు. కాని క్రీస్తుకి ముందే గ్రీకులోకి వెళ్ళిన యెషయాలోనూ ఆ భాగం లేదు. పేతురు మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఉదాహరించిందీ ఆ పొట్టి పాఠమే. అంటే ఇది ఏమరుపాటో, ఆ రోజుల్లో రెండు పాఠాలూ చెలామణిలో ఉండేవో! హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయంలో దేవదూతలు ఆయనకి నమస్కరించాలనే మాటా ఇలాంటిదే. గ్రీకు ద్వితీయోపదేశకాండం 32లో అది ఉంది, మన చేతిలో ఉన్న బైబిలులో ఆ అధ్యాయమంతా వెతికినా కనిపించదు. దానికి దగ్గరి వాక్యం చుట్టలు దొరికిన గుహల్లో నాలుగోదానిలోని హీబ్రూ ముక్క మీద ఉంది. అపొస్తలుల కాలానికి లేఖనాల పాఠం ఇంకా ఒక్కటిగా స్థిరపడలేదన్నమాట.

రేపు చుట్టలు దొరికిన చోటికి వెళ్తున్నాం.

కుమ్రాన్, బుధవారం మధ్యాహ్నం

నాన్నగారికి,

నీడలో కూర్చుని రాస్తున్నాను. యెరూషలేము దాటిన దగ్గర్నుంచీ బస్సు కిందికి దిగుతూనే ఉంది. దారిలో సముద్రమట్టం గుర్తు కనపడింది, దాన్ని దాటి ఇంకా దిగాం. మృత సముద్రం దానికి సుమారు 430 మీటర్ల దిగువన ఉంది. ఈ చోటు వెస్ట్ బ్యాంక్‌లోది, ప్రస్తుతం ఇశ్రాయేలు అధీనంలో ఉంది.

1947 ప్రాంతంలో తామిరే అనే బెదూయిన్ తెగ కాపరులకి ఇక్కడి గుహలో మొదటి చుట్టలు దొరికాయి. తప్పిపోయిన మేకని వెతుకుతూ గుహలోకి రాయి విసిరితే జాడీ పగిలిన చప్పుడు వినిపించిందని చెప్పుకుంటారు. 1956 నాటికి 11 గుహల్లో చుట్టలు, ముక్కలు బయటపడ్డాయి. మొత్తం 900కి పైగా రాతప్రతులు. ఎస్తేరు గ్రంథం తప్ప హీబ్రూ బైబిల్లోని దాదాపు అన్ని గ్రంథాల ముక్కలూ ఉన్నాయి. నేను కూర్చున్న చోటికి ఎదురుగా, లోయకి అవతల నాలుగో గుహ నోరు తెరుచుకుని కనిపిస్తోంది. ఆ ఒక్క గుహలోనే వేలకొద్దీ ముక్కలు దొరికాయి.

ఇక్కడి శిథిలాల్లో ఎటు చూసినా నీటి ఏర్పాట్లే. వానే అరుదైన ఈ నేలలో, కొండల్లోంచి ఎప్పుడో వచ్చే వరదని కాలువకట్టి మళ్ళించి తొట్లు నింపుకున్నారు. కొన్ని శుద్ధి స్నానాలకి. ఒక తొట్టి మెట్ల మీద పొడుగునా సన్నటి గట్టు ఉంది. మైలతో దిగేవాళ్ళు ఒక పక్క, శుద్ధులై ఎక్కేవాళ్ళు ఇంకో పక్క అని చెప్తారు. ఆ మెట్లు నిలువునా చీలి ఒక వైపు కిందికి కుంగింది. 1951 నుంచి ఇక్కడ తవ్వకాలు జరిపిన ఫ్రెంచి సన్యాసి రోలాఁ ద వో అది క్రీ.పూ. 31 నాటి భూకంపం పని అన్నాడు. ఇక్కడ సిరాబుడ్లూ దొరికాయి. క్రీ.శ. 68లో రోమన్ సైన్యం ఈ చోటుని నాశనం చేసింది.

ఇక్కడున్నది ఎస్సీనులనే యూదు శాఖ అని ఎక్కువమంది పండితుల మాట, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. మా గైడు మాత్రం యోహాను ఇక్కడే పెరిగాడని ధీమాగా చెప్పేశాడు. బృందంలో వాళ్ళంతా భక్తిగా తలలూపారు. అందుకు ఆధారం లేదు. ఉన్న సంగతి ఇంకా బాగుంది. నిన్న చెప్పిన 33వ వరుసలోనే, కాస్త పైన, అరణ్యంలో దేవునికి దారి సిద్ధం చేయమనే వచనం ఉంది. ఈ సమాజపు నియమావళి ఆ వచనాన్నే ఎత్తి, దారి అంటే ధర్మశాస్త్ర అధ్యయనమని చెప్తుంది. అదే వచనం తీసుకుని సువార్తలు యోహానుని చూపించాయి. ఒకే ఎడారి, ఒకే వాక్యం. వీళ్ళు అందరికీ దూరంగా వచ్చి, కొత్తవాణ్ణి ఏళ్ళ తరబడి పరీక్షించి గాని చేర్చుకోలేదు. యోహానైతే ఇక్కడికి దగ్గర్లోనే, యొర్దాను దగ్గర, సుంకరుల్నీ సైనికుల్నీ కూడా పిలిచాడు. ఆస్తి ఉమ్మడి చేసుకోవడం, కలిసి భోంచేయడం అపొస్తలుల కార్యాల్లో చదివాం. అవీ ఈ నియమావళిలో ఉన్నాయి.

యెరూషలేము, శుక్రవారం

నాన్నగారికి,

ఇవాళ పాత పట్నంలో సిరియన్ ఆర్థడాక్స్ వాళ్ళ సెయింట్ మార్క్ మఠానికి వెళ్ళాను. మొదటి గుహలోని ఏడు చుట్టల్లో నాలుగింటిని, యెషయా చుట్టతో సహా, కాండో అనే బెత్లెహేము చెప్పుల వ్యాపారి ద్వారా కొన్నది ఇక్కడి మార్ శామ్యూల్ బిషప్పే. మిగతా మూడూ 1947 చివర్లో, పాలస్తీనా విభజన మీద ఐక్యరాజ్యసమితి ఓటింగు జరుగుతున్న రోజుల్లో, ప్రొఫెసర్ సుకెనిక్ కొన్నాడు. బిషప్పు తన నాలుగింటినీ అమెరికా తీసుకెళ్ళి, 1954 జూన్ 1న వాల్ స్ట్రీట్ జర్నల్‌లో అమ్మకం ప్రకటన వేయించాడు. సుకెనిక్ కొడుకు యదీన్ మధ్యవర్తుల ద్వారా రెండున్నర లక్షల డాలర్లకి వాటిని కొనిపించాడు.

నాలుగో గుహ ముక్కల్లో చాలావి మాత్రం ఎన్నో ఏళ్ళు కొద్దిమంది పండితుల చేతుల్లోనే ఉండిపోయాయి. చర్చి ఏదో దాస్తోందన్న పుకార్లు మన ఊరిదాకా వచ్చాయి కదా. 1991లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ తన దగ్గరున్న ఫోటోల్ని పండితులందరికీ అందుబాటులో పెట్టింది. దాచిన రహస్యమేమీ బయటపడలేదు. బయటపడ్డవి ఇంకో రకమైనవి.

నాలుగో గుహలోని ఒక ముక్కలో రాబోయే కాలపు గుర్తులున్నాయి: గుడ్డివాళ్ళకి చూపు, చనిపోయినవాళ్ళకి జీవం, పేదలకి శుభవార్త. నువ్వేనా రావాల్సినవాడివి అని యోహాను అడిగి పంపితే యేసు ఇచ్చిన జవాబులోనూ ఇవే ఉన్నాయి. సమాజమందిరంలో ఆయన చదివిన యెషయా 61లో చనిపోయినవాళ్ళ మాట లేదు. రెండుచోట్లా అది చేరింది. ఇంకో అరామిక్ ముక్కలో రాబోయే ఒకణ్ణి దేవుని కుమారుడనీ సర్వోన్నతుని కుమారుడనీ అంటారని ఉంది. అతను ఎవరన్న దాని మీద తగవు తీరలేదు. మరియతో దూత అన్న మాటలు మాత్రం ఆ కాలపు యూదుల చెవికి కొత్తవి కావని తెలుస్తోంది.

అన్నిటికంటే నన్ను ఆపింది ఒక చిన్న నియమం. దమస్కు పత్రమనే గ్రంథం కైరో సమాజమందిరపు పాత కాగితాల్లో 19వ శతాబ్దం చివర్లోనే దొరికింది. దాని ముక్కలు తర్వాత కుమ్రాన్ గుహల్లోనూ దొరికాయి. విశ్రాంతి దినాన పశువు గుంటలో పడితే పైకి తీయకూడదని అందులో ఉంది. మత్తయి 12లో యేసు అడిగిన ప్రశ్న గుర్తుందా? విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే మీలో ఎవడు పైకి తీయడు? ఆ మాటకి అందరూ తీస్తామనేవారని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. తీయకూడదని నియమం రాసుకుని పాటించినవాళ్ళు ఉన్నారు. అది అప్పట్లో నిజంగా నలుగుతున్న వాదం. ఆయన యూదుడిగా, యూదులతో, వాళ్ళ గ్రంథం మీదే వాదించాడు. సువార్తల్లో మనకి ఒక పక్షమే వినపడుతుంది. ఈ తోలు ముక్కల్లో ఇంకో పక్షం తన మాట తానే చెప్పుకుంటోంది.

అమ్మ ఆదివారపు బడిలో ఈ గొర్రె కథ చెప్పేటప్పుడు అవతలివాళ్ళని రాతిగుండె మనుషులుగా చూపిస్తుంది. ఈసారి ఆ నియమం సంగతీ చెప్పమనండి. వాళ్ళకి ఆ దినం ఎంత పవిత్రమంటే, ఉన్న ఒక్క పశువునీ పోగొట్టుకోడానికి సిద్ధపడ్డారు. ఆ సంగతి తెలిశాక యేసు ప్రశ్నకి జవాబు చెప్పమంటే పిల్లలు కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.

మీ చిన్నమ్మాయి