లారీవారి ఓటు

మా అబ్బా ఇరవై రెండేళ్లు గుంటూరు మిర్చియార్డు నుండి లారీ నడిపారు. యజమానికి ఉన్నవి రెండు లారీలు. ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు, వెరసి నలుగురు. సాధారణంగా దినానికి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం శాసించింది. అయితే ఐదుగురైనా కార్మికులు లేని సంస్థకు అది తనంతట తానుగా వర్తించేది కాదు. ఆ ఐదవ మనిషి లేని కారణాన అబ్బా వరుసగా రెండేసి రాత్రులు స్టీరింగు వదలక కూర్చొనేవారు. యజమానితో తగవు వస్తే చెప్పుకొనేందుకు అమ్మీ తప్ప ఎవరూ లేరు.

ఇటువంటి ఇంట పెరిగినందున కాబోలు, అమెరికా లారీ కార్మికుల సంఘమైన టీమ్‌స్టర్స్ చరిత్ర మమ్మల్ని విశేషంగా ఆకర్షించింది. 1964లో జిమ్మీ హోఫా దాదాపు నాలుగు లక్షల మందిని ఒకే జాతీయ ఒప్పందం కిందికి తెచ్చాడు. అంతటి సంఘంలోనూ అధ్యక్షుణ్ణి ఎన్నుకొనే హక్కు మామూలు డ్రైవరుకు లేదు. మహాసభకు వెళ్లిన ప్రతినిధులే ఆ పని చూసేవారు. వారి వెనుక నేరస్థుల ముఠాల నీడ. ప్రభుత్వం 1988లో దావా వేసింది. 1989 నాటి రాజీ ఫలితంగా 1991లో సభ్యులు తొలిసారి రహస్య ఓటుతో అధ్యక్షుణ్ణి ఎన్నుకొన్నారు. గెలిచినవాడు రాన్ కేరీ, ఒకప్పుడు యు.పి.ఎస్. పార్సిళ్ల బండి నడిపినవాడు.

ఈ సంగతి వినిపిస్తే అబ్బా, "నాయకుణ్ణి డ్రైవర్లే ఎన్నుకొంటారా బేటా? ఓనరు ఊరుకొంటాడా?" అన్నారు. సంఘం ఎన్నికతో ఓనరుకు నిమిత్తం లేదని మేము చెప్పాము. ఆయన నమ్మలేదు.

1997 ఆగస్టులో కేరీ నాయకత్వాన 1,85,000 మంది యు.పి.ఎస్. కార్మికులు పదిహేను రోజులు సమ్మె చేసి, పదివేల పూర్తికాలపు ఉద్యోగాలకు హామీ పొందారు. అది ముగిసిన కొద్ది రోజులకే, 1996లో ఆయన రెండవసారి గెలిచిన ఎన్నిక రద్దయింది. సంఘం సొమ్ము దొడ్డిదారిన ఆయన ప్రచారానికి చేరిందని తేలింది. 1998లో ఆయనను బహిష్కరించారు. అబద్ధపు సాక్ష్యం ఆరోపణ నుండి 2001లో జ్యూరీ విముక్తుణ్ణి చేసినా పదవి మాత్రం తిరిగి రాలేదు.

ఎన్నికల వల్ల ఒరిగింది ఇంతేగా అని మా మిత్రులు కొందరు పెదవి విరుస్తారు. మేము ఒప్పుకోము. ముఠాల కాలంలో సంఘం సొమ్ముకు లెక్క అడిగే దిక్కేది? ఇక్కడ సమ్మె గెలిపించిన నాయకుణ్ణే లెక్క అడిగారు. 2021లో షాన్ ఓబ్రయన్‌ను అధ్యక్షుణ్ణి చేసిందీ సభ్యుల ఓటే.