నలిగిన తీగ చెప్పే లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ పనులు చేసే ఒక షెడ్డు చూసి రాయమని సంపాదకులు పంపారు. బోరింగ్ మిషన్లూ లేత్‌లూ చాలానే ఉన్నాయి కానీ, నా చూపు పెద్దమేస్త్రి చేతుల దగ్గరే ఆగిపోయింది. మారుతి 800 ఇంజన్‌లో పిస్టన్ నెత్తిమీద అంచున సన్నని సోల్డరింగ్ తీగ ముక్కలు గ్రీజుతో అంటించారు. గ్యాస్కెట్ వేసి, హెడ్ బిగించి, క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పి మళ్లీ అంతా విప్పారు. నలిగిన తీగను వెర్నియర్‌తో కొలిచి, "పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య సందు మిల్లీమీటరున్నర ఉందండీ, ఈ గ్యాస్కెట్టు పనికిరాదు" అన్నారు. బిగించింది విప్పడానికి ఆయనకు విసుగు లేదు. నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఉండాల్సిన ఒక్క మిల్లీమీటరుకు మించిన ఆ అర మిల్లీమీటరు కోసం అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే నాకింగ్ ఎలా పుడుతుందో చూడాలి. స్పార్క్ పడ్డాక మంట ప్లగ్గు దగ్గర మొదలై అంచులకు పాకుతుంది. చివర్లో మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక, మంట తన దాకా రాకముందే తనంతట తాను భగ్గుమంటే అదే డిటొనేషన్, అంటే నాకింగ్. ఆ దెబ్బకు రింగుల మధ్య గట్లు విరుగుతాయి, పిస్టన్ అంచు పురుగు తిన్నట్టు గుంటలు పడుతుంది. కంప్రెషన్ తగ్గిస్తే చాలని చాలాచోట్ల మందపాటి గ్యాస్కెట్ వేసేస్తారు. మారుతి 800 బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72; ఒక్కో సిలిండరు 265 సీసీ. కంప్రెషన్ 9 అనుకుంటే, అర మిల్లీమీటరు మందం పెంచినప్పుడు అది 8.6 దగ్గరికి దిగుతుంది. లాభం అంతే. కానీ పిస్టన్ పైకొచ్చినప్పుడు అంచుల్లోని మిశ్రమాన్ని నొక్కి ప్లగ్గు వైపు తరిమే ఇరుకు సందు వెడల్పవుతుంది. సుడి మందగిస్తుంది, మంట నెమ్మదిస్తుంది, దూరపు మూలల్లో మిశ్రమం ఎక్కువసేపు ఉడుకుతుంది. కంప్రెషన్ తగ్గించీ నాకింగ్‌ను కొనితెచ్చుకోవడం ఇలాగే. కంప్రెషన్ నిజంగా తగ్గించాలంటే సందును ఒక మిల్లీమీటరు దగ్గరే ఉంచి, హెడ్‌లోని గదికి ఎదురుగా గుంట ఉన్న పిస్టన్ వేయాలి. అంచు చదునుగా మిగలాలి. అదే ఎత్తైన బొడిపె ఉన్న పిస్టన్ అయితే మంట దారికి అడ్డుగోడే.

ఈ తెలివి కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే ఇంగ్లండులో హ్యారీ రికార్డో, సైడ్‌వాల్వ్ ఇంజన్ల హెడ్‌ను పిస్టన్ మీదికి దించి గదిని కుదించి, మంట దారి తగ్గించారు. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ సీసం కలిపి పెట్రోలును మార్చే దారి కనిపెడితే, రికార్డో ఇంజన్‌నే మార్చారు. సీసం పెట్రోలు 2000 సంవత్సరంలో మన దేశంలో ఆగిపోయింది. రికార్డో హెడ్ పాఠం ఇప్పటికీ నడుస్తోంది. మన రోడ్ల మీదే సాక్ష్యం ఉంది. పాత బుల్లెట్ 350కి బోరు 70, స్ట్రోకు 90, కంప్రెషన్ 6.5. తర్వాతి యూనిట్ ఇంజన్‌కూ అవే కొలతలు, కంప్రెషన్ మాత్రం 8.5. కొత్త హెడ్‌లో రెండు ప్లగ్గులు పెట్టి మంట దూరం తగ్గించడం ఆ మార్పులో ఒక భాగం. అల్యూమినియం హెడ్ విషయమూ అంతే: పోత ఇనుము కన్నా దాదాపు మూడింతలు వేగంగా వేడిని లాగేస్తుంది.

స్పార్క్ టైమింగ్ వెనక్కి జరిపితే సరిపోదా అని అడుగుతారు. నాకింగ్ శబ్దం ఆగుతుంది, నిజమే. బలమూ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఇదివరకటి మామూలు పెట్రోలు 91 ఆక్టేన్, ఇరవై శాతం ఇథనాల్ కలిపినది 95. ఇంకేం భయం అనేవారూ ఉన్నారు. ఇంధనం ఇచ్చిన వెసులుబాటును చెడ్డ గ్యాస్కెట్ తినేస్తే మిగిలేదేమిటి? కొత్త కార్లలో నాక్ సెన్సర్ ఉంటుంది, కార్బ్యురేటర్ బళ్లకు మేస్త్రి చెవే సెన్సర్. ఖరీదు మాట మాత్రం కొట్టిపారేయలేను. కొలతకు పట్టే గంటకు కూలి ఎవరూ ఇవ్వరు, అందుకే పెట్టె విప్పి కిట్ బిగించే పద్ధతి పెరిగి, కొలిచే చేతులు తగ్గుతున్నాయి. మీ బండి హాఫ్ ఇంజన్ పనికి ఇచ్చినప్పుడు, హెడ్ మూసే ముందు సందు ఎంతుందో అడగండి. కొలిచిన మేస్త్రికి ఆ గంట కూలి ఇవ్వండి.