సముద్రపు ఒడ్డున బస

మన కొడంగల్, తాండూరు ప్రాంతపు పిల్లలకు నీళ్ళు అంటే ఊరి చెరువు, వానలు బాగా పడిన సంవత్సరము కాగ్నా నది. సముద్రము వారికి అట్లాసులోని నీలిరంగు మాత్రమే. కాగ్నా పోయి భీమలో కలుస్తుంది, భీమ కృష్ణలో కలుస్తుంది, కృష్ణ బంగాళాఖాతములో పడుతుంది గనుక మన కందిచేల మీద కురిసిన వాన కూడా చివరకు సముద్రమునే చేరుతున్నది. నీళ్ళు పోయినంత సులువుగా మనుష్యులు పోలేరు. సెలవు కావాలి, కిరాయి కావాలి, అన్నిటికంటె ముందు దిగడానికి ఒక చోటు కావాలి. గత జనవరిలో మేము కుటుంబముగా వెళ్ళి వచ్చిన తరువాత, “అయ్యగారూ, ఎక్కడ దిగినారు? ఎట్ల చూసుకున్నారు?” అని సంఘములో పలువురు అడుగుచున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఏ సముద్రము అన్నది తేల్చుకోవాలి. మా పెద్దమ్మాయి విశాఖపట్నము అన్నది. విశాఖ అందమైనదే. 1805లో లండను మిషను సేవకులు క్రాన్, డే గ్రాంజ్ అక్కడనే దిగి, తెలుగు నేర్చుకొని, సువార్తలను తెలుగులోనికి మార్చే పని మొదలుపెట్టినారు గనుక ఆ ఊరు చూడాలని నాకు కూడా ఎంతో ఆశ. కాని తాండూరు నుండి రైలు దారి ఎనిమిది వందల కిలోమీటర్ల వరకు ఉంటుంది. మాకున్నది మూడు రోజులు. అందులో రెండు రోజులు రైలుకే ఇచ్చి ఒక్కరోజు సముద్రమునకు ఇవ్వడము మంచి బేరము కాదు. గోవా అని ఒక యౌవనస్థుడు సలహా ఇచ్చినాడు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మతో రాత్రంతా బస్సు ప్రయాణము అనగానే ఆ మాట అక్కడితో ఆగింది. చివరకు బాపట్ల దగ్గరి సూర్యలంక నిలిచింది. మన ఊరి నుండి రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. సికింద్రాబాదు నుండి రైలున్నది. బాపట్ల స్టేషనులో దిగితే ఒడ్డు తొమ్మిది కిలోమీటర్లు. సాయంత్రపు రైలు ఎక్కేవారు ఒక సంగతి చూసుకోవాలి. అది బాపట్లలో దింపేది అర్ధరాత్రి ప్రాంతములో. ఆ వేళ గేటు తెరిచేవారు ఉంటారా అని బసవారిని ముందే అడగాలి. మేము పగటి రైలుకే వెళ్ళినాము.

తరువాత ఏ కాలము అన్నది. కార్తీకమాసములో సముద్రస్నానమునకు సూర్యలంకకు జనము విపరీతముగా వస్తారు. గదులు దొరకవు, దొరికినా ధర నిలువదు. పైగా అది తుఫానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఆ తీరమంతటిని కొట్టింది. వేలాది మంది పోయినారు. బాపట్లలో ప్రాణభయముతో ఒక చర్చిలో చేరినవారిలో సుమారు 100 మంది ఆ కట్టడము కూలి మరణించినట్లు నమోదైనది. ఆదివారము ఆదివారము ప్రార్థనామందిరపు తలుపు తెరిచే నావంటివానికి ఆ సంగతి తలంపుకు వస్తే గుండె బరువెక్కుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరనే తీరము దాటింది. కాబట్టి అక్టోబరు, నవంబరు వదిలి, డిసెంబరు మొదట కూడా తొందరపడక, క్రిస్మసు, నూతన సంవత్సర ఆరాధనలు ముగిసి, కంది కోతలు సద్దుమణిగిన తరువాత జనవరి రెండవ వారము పెట్టుకున్నాము. సంక్రాంతి రద్దీకి ముందే తిరిగి వచ్చేటట్లు చూసుకున్నాము. సేవకులకు ఆదివారము కదలడము కుదరదు, సోమవారమే మన సెలవు. ఇందులో ఒక మేలున్నది. శనివారము ఒక ధర చెప్పే గది సోమవారము చవకగా వస్తుంది, ఒడ్డు కూడా ఖాళీగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. బాపట్ల ఊరిలో వంట చేసుకొనే వసతి ఉన్న గది ఒకటి తక్కువ కిరాయికి వచ్చేటట్లున్నది. దానిలో నాలుగు రాత్రులు ఉండవచ్చును. మా పెద్దలలో ఒకరు, “అయ్యగారూ, పొయ్యి ఉన్న గది ఉండగా రిసార్టు ఎందుకు? మనకు డాబు ఎందుకు?” అన్నారు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. సంఘము ఇచ్చే కానుక మీద బ్రతికేవాడు ఖర్చు ఆచి తూచి చేయాలి. ఆ రాత్రి లెక్క వేస్తూ ఉంటే నా భార్య బియ్యము ఏరుతూ, “ఏమండీ, అక్కడ గూడ పొయ్యి నేనే ముట్టించాలె గదా?” అన్నది. ఇంకొక మాట అనలేదు.

సేవకుని ఇంట వేళగాని వేళ వచ్చేవారికి అన్నము పెట్టేది ఎవరో చదువరులకు వేరుగా చెప్పనవసరము లేదు. మార్కు సువార్త ఆరవ అధ్యాయములో శిష్యులకు భోజనము చేయడానికి కూడా తీరిక లేనంతగా జనము వచ్చి పోవుచుండగా, ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు రమ్మని పిలిచినాడు. అలసినవారెవరో ముందు చూసి పిలిచిన పిలుపు అది. మన ఇండ్లలో అలసినది ఎవరు? సెలవు తీసుకొని, పొయ్యి, కుక్కరు, పప్పు డబ్బా మూటకట్టుకొని పోతే పిల్లలకు సముద్రము, మగవానికి విశ్రాంతి, ఇల్లాలికి మాత్రము వేరే ఊరిలో అదే వంట. అందుచేత లెక్క తిరగవేసినాము. ఊరిలో నాలుగు రాత్రులు ఉంటే గది, గ్యాసు, సరుకులు, రోజుకు రెండుసార్లు ఒడ్డుకు పోయిరావడానికి ఆటో. ఒడ్డునే రెండు రాత్రులు ఉంటే గది, రెండు పూటలా భోజనము. రెండింటికీ తేడా కొన్ని వందలే వచ్చింది. రెండు రాత్రులే ఖాయము చేసినాము.

సూర్యలంకలో ప్రభుత్వ పర్యాటక శాఖవారి హరిత రిసార్టు ఒడ్డునే ఉన్నది, ప్రైవేటు బసలు కూడా ఉన్నవి. ఫోటోలలో అన్నీ ఒకటే నీలి నీళ్ళు, ఒకటే తెల్లని దుప్పట్లు. ఫోటో చూసి నిర్ణయించవద్దు, ఫోను చేసి అడగండి. ఒకచోట మాట్లాడితే సముద్రము ఎదురుగానే అన్నారు. నడిచి ఎంతసేపు అని మా అమ్మాయి అడిగితే ఇరవై నిమిషములని తేలింది. క్రింది అంతస్తులో గది ఉన్నదా, మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి కూర్చునేదా కుర్చీదా, కరెంటు పోతే జనరేటరు ఉన్నదా, వేడినీళ్ళు ఏ వేళ వస్తాయి, అదనపు పరుపునకు ఎంత, గది ఖాళీ చేయడము మధ్యాహ్నమా లేక ఇరవైనాలుగు గంటల లెక్కా, ఆవరణలో మద్యము పోస్తారా, రాత్రి పాటల పెట్టె ఎన్నింటికి ఆపుతారు. ఇన్ని అడిగితే విసుగుకొనే బస మనకు తగినది కాదు. అన్నీ విని, “తాగేవాళ్ళు ఆదివారమే వస్తారండీ, సోమవారం ఎవరూ ఉండరు” అని నిజము చెప్పిన చిన్న బసకు మేము డబ్బు కట్టినాము.

నీళ్ళ సంగతి దీనికంటె ముఖ్యమైనది. బావిలో ఈత నేర్చిన మన పల్లె యువకునికి ధైర్యము ఎక్కువ, అదే అపాయము. బావి నీరు నిలిచి ఉంటుంది, సముద్రపు నీరు లాగుతుంది. ఒడ్డుకు వచ్చిన అలల నీరు వెనుకకు పోయేటప్పుడు ఒక్కొక్కచోట కాలువవలె చేరి బలముగా లోపలికి పోతుంది. చూడడానికి అక్కడ అలలు తక్కువగా, నీరు నెమ్మదిగా కనబడుతుంది గనుక తెలియనివారు అక్కడే దిగుతారు. ఆ లాగుడుకు చిక్కినవాడు ఒడ్డు వైపు ఎదురీదితే అలసి మునుగుతాడు. ఒడ్డుకు సమానముగా ప్రక్కకు ఈది ఆ కాలువ దాటితే బయటపడగలడు. రద్దీ రోజులలో గజ ఈతగాళ్ళను పెడతారు గాని, ఖాళీగా ఉండే సోమవారపు ఒడ్డున మన కన్నే మనకు కాపలా. బస ఒడ్డున ఉండడములో లాభము ఇదొకటి. మేము సాయంత్రము దిగి, మరునాడు తెల్లవారి పడవలవారిని అడిగి, వారు చూపిన చోట మోకాళ్ళ లోతు వరకే పిల్లలను దింపినాము. చిన్నవాడు అలిగినాడు. అలిగితే అలిగినాడు.

మా అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే అల వచ్చి పాదాలు తడిపి పోయింది. వ్రేలు ముంచి నాలుకకు రాసుకొని, “నిజంగనే ఉప్పు బిడ్డా” అన్నది. డెబ్బది ఏండ్లు విన్న మాటను ఆమె ఆ రోజు సరిచూసుకున్నది.

అపొస్తలుల కార్యములలో సముద్రతీరపు బసలు రెండు నాకు ఇష్టము. తూరులో పౌలును సాగనంపడానికి విశ్వాసులు భార్యలతో పిల్లలతో వచ్చి సముద్రతీరమున మోకాళ్ళూని ప్రార్థించినారు. యొప్పేలో పేతురు దిగినది సముద్రపు దరినున్న చర్మకారుడైన సీమోను ఇంట. తోళ్ళ వాసన వచ్చే ఆ ఇంటికి మర్యాదస్థులు పోరు. కాని అన్యజనులకు తలుపు తెరిచే దర్శనము అతనికి ఆ మిద్దె మీదనే కలిగింది. మా బస కూడా గొప్పది కాదు. తలుపు గొళ్ళెమునకు తుప్పు, స్నానాల గదిలో ఇసుక. భోజనము మాత్రము వేడిగా పెట్టినారు, చేపల పులుసు రెండవసారి అడగకుండానే వడ్డించినారు.

రెండవ ఉదయము నా భార్య తొమ్మిది గంటల వరకు నిద్రపోయింది. పదిహేడు ఏండ్ల కాపురములో, జ్వరము వచ్చినప్పుడు తప్ప, నేను అట్లా చూసి ఎరుగను. పిల్లలు టిఫిను కోసము తలుపు తడుతూ ఉంటే మా అమ్మ వాకిట కుర్చీ వేసుకొని, “లేపకుండ్రి” అని కాపలా కూర్చున్నది.

బయలుదేరే ముందు పడవల దగ్గర ఆడవారు ఎండుచేపలు అమ్ముతూ ఉంటే, మన స్త్రీల సహవాసమువారికి అని ఆమె రెండు కిలోలు కొన్నది. బసవారి కుర్రవాడు సిమెంటు సంచి తెచ్చి గట్టిగా కట్టి ఇచ్చినాడు. అయినా సికింద్రాబాదు వరకు ఆ పెట్టెలో మా ప్రక్కన ఎవరూ కూర్చోలేదు, అందరమూ కాళ్ళు చాపుకొని వచ్చినాము.