బండ మీద ఊళ్ళు

ఇటలీ యాత్ర అనగానే మనవాళ్ళు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టేసి వచ్చేస్తారు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్ళే దారిలో నిట్టనిలువు బండ ఒకటి, దాని నెత్తిన ఒక ఊరు కనిపిస్తాయి. అది ఓర్వియెతో. నా మాట విని అక్కడ దిగండి. స్టేషను ఎదుటే ఇనుప తాడు లాగే చిన్న రైలుపెట్టె ఉంటుంది. అది ఎక్కితే నిమిషాల్లో బండ మీదికి చేరతారు.

ఆ బండ టూఫో రాయి. ఎప్పటివో అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి రాయైంది. తవ్వడానికి తేలిక. అందుకే ఊరివాళ్ళు రోమన్లకు ముందు ఇక్కడున్న ఎట్రుస్కన్ల కాలం నుంచీ కింద రాయి కోసుకుంటూ పైన ఇళ్ళు కట్టుకున్నారు. ఊరి అడుగున వందల గుహలు ఉన్నాయి. కొన్నిటి గోడల నిండా పావురాలు పెంచిన గూళ్ళే.

ఇరుకు సందుల్లో నడుస్తూ ఉండగా, ఏ హెచ్చరికా లేకుండా కెథీడ్రల్ ఎదురవుతుంది. 1290లో పునాది వేశారు. పక్క గోడలు నలుపు, తెలుపు రాళ్ళ చారలతో ఉంటాయి. ముఖభాగమంతా బంగారు మొజాయిక్ మెరుపు. అందరూ తలెత్తి ఆ మెరుపునే ఫోటో తీసుకుంటారు. నేనైతే తల దించి చూడమంటాను. తలుపుల పక్కన నాలుగు వెడల్పాటి స్తంభాల మీద సృష్టి నుంచి తుది తీర్పు దాకా కథంతా చెక్కి ఉంది. 14వ శతాబ్దం మొదట్లో లొరెంజో మైతానీ నాయకత్వంలో జరిగిన పని అది. ఒకచోట ఆదాము నిద్రపోతుంటాడు. దేవుడు వంగి, వాడి పక్కటెముక తీస్తుంటాడు. ఆ వంగడంలో ఎంత జాగ్రత్త! నిద్ర చెడకూడదన్నట్టుంటుంది.

లోపల కుడివైపు సాన్ బ్రీజియో ప్రార్థన గది. దాని పైకప్పు చిత్రాలు 1447లో ఫ్రా ఆంజెలికో మొదలుపెట్టి వదిలి వెళ్ళాడు. అర్ధశతాబ్దం ఆ గది అలాగే ఉండిపోయింది. 1499లో లూకా సిన్యొరెల్లి అందుకుని, 1504 నాటికి ముగించాడు. గోడ మీద క్రీస్తు విరోధి ప్రసంగిస్తుంటాడు. అచ్చం క్రీస్తు మొహమే. వెనక నుంచి సైతాను చెవిలో మాట అందిస్తుంటాడు, వాడి చెయ్యి వచ్చి ఈ వేషధారి చెయ్యి ఉండాల్సిన చోట దూరిపోయింది. ఎవరి చెయ్యి ఎవరిదో తేల్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. అబద్ధం బొమ్మ ఇంతకన్నా బాగా ఎవరూ వెయ్యలేదని నా నమ్మకం. ఆ చిత్రం మూల నల్లబట్టల్లో నిలబడ్డవాడు సిన్యొరెల్లి. పక్కనే ఫ్రా ఆంజెలికోను నిలబెట్టుకున్నాడు. తనకు ముందు పనిచేసినవాడికి చోటిచ్చాడు.

బండ మీద నీళ్ళు కరువు. 1527లో రోమ్ దోపిడీ నుంచి తప్పించుకుని ఇక్కడ తలదాచుకున్న పోప్ ఏడో క్లెమెంట్, ముట్టడి జరిగితే ఊరు దాహంతో లొంగిపోతుందని బావి తవ్వించాడు. లోతు సుమారు 53 మీటర్లు, 248 మెట్లు. కట్టింది ఆంతోనియో దా సాంగాల్లో. మెలికలు తిరిగే దారులు రెండు, ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి. నీళ్ళు మోసే కంచరగాడిదలు ఎక్కడా ఎదురుపడవు. పని 1537లో పూర్తయ్యేసరికి ఆ పోప్ బతికి లేడు.

మధ్యాహ్నం బస్సులో బాన్యోరేజియో వెళ్ళి, అక్కడి నుంచి చివితా అనే చిన్న ఊరికి. ఇదీ టూఫో బండే, కానీ కింద బంకమన్ను. వానలు, వాగులు ఆ మన్ను తినేస్తుంటే పైన రాయి బీటలు వారి అంచులు విరిగి పడుతున్నాయి. 1695 భూకంపం తర్వాత చాలామంది ఊరు వదిలారు. సెయింట్ బోనవెంచర్ పెరిగిన ఇల్లు ఎప్పుడో లోయలో కలిసిపోయింది. ఇప్పుడు ఊళ్ళోకి కాలినడక వంతెన ఒక్కటే దారి. ‘చచ్చిపోతున్న ఊరు’ అన్నది బాన్యోరేజియోలో పుట్టిన రచయిత బోనవెంతూరా తెక్కి. బాధతో అన్న మాట అది. దాన్నే ఇప్పుడు పర్యాటక ప్రకటనల్లో వాడుకోవడం నాకు నచ్చదు.

ఓర్వియెతో బండ కూడా 1970ల్లో విరిగిపడుతుంటే ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి, డబ్బు పెట్టి నిలబెట్టింది. ఈ ఊళ్ళు వాటంతటవే నిలిచినవి కావు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు పూనుకుంటే నిలిచాయి. చివితాలో అడుగుపెట్టడానికి కొద్ది యూరోల టికెట్ ఉంది. దానికి గొణగకండి. బండకు వేసే ప్రతి కట్టుకూ డబ్బు కావాలి.