లోకల్ రైలులో ఫ్రాన్సు యాత్ర

ఉద్యోగరీత్యా స్వరాష్ట్రాన్ని విడిచి వంగదేశంలో కాపురముంటున్న మా బోటి తెలుగు కుటుంబాలకు సెలవులనగానే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సో, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్సో స్ఫురించడం సహజం. ఎల్.టి.సి. అంటే అమ్మమ్మగారి ఊరే. కానీ మా అమ్మాయి ఫ్రెంచి భాష నేర్చుకోవడం ఆరంభించిన నాటినుంచి మా ఇంట ఒక కొత్త కోరిక తలెత్తింది. తోటి విద్యార్థినులలో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో పారిస్ చూసి వచ్చారట. "మనమెప్పుడు వెళతాం నాన్నగారూ?" అని ఒక రాత్రి భోజనాల వద్ద అడిగింది. ఎల్.టి.సి. నిబంధనలు దేశపు పొలిమేర దాటవన్న సంగతి మన సంస్థలోని వారందరికీ విదితమే. "వచ్చే ఆదివారమే వెళదాం. హౌరాలో టిక్కెట్టు మనిషికి పది రూపాయలు" అన్నాము. అమ్మాయి ముఖం ముడుచుకుంది గాని, మా చిన్నవాడు మాత్రం నిజమేననుకుని స్వెట్టర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అది 2019 డిసెంబరు నెల. మా అమ్మగారు అప్పుడు మావద్దనే ఉన్నారు. డెబ్బై ఏడేళ్ళ వయస్సులో లోకల్ రైలు ఎక్కగలరో లేదోనని మా శ్రీమతి సంశయించింది. "కూర్చోడానికి చోటు దొరికితే కాశీ దాకా అయినా వస్తాను" అన్నారావిడ. ఆదివారం ఉదయం గనుక చోటు దొరికింది.

హౌరా నుంచి బ్యాండెల్ పోయే లోకల్ రైలు ఎక్కినవారు గంటసేపట్లో ఐరోపా ఖండంలో సగం చుట్టివచ్చినట్టే. శ్రీరాంపూర్ 1755 నుంచి 1845 వరకు డెన్మార్కు వారిది. విలియం కేరీ దొరగారు 1814లో ఒక తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేసింది అక్కడే. ఆ స్టేషను రాగానే పిల్లలకు ఆ ముక్క చెప్పి కొంత గర్వపడ్డాము. తరువాత చందన్‌నగర్ ఫ్రెంచివారిది. దానిని దాటితే చుంచుడా, 1825 వరకు డచ్చివారిది. చివరి బ్యాండెల్‌లో పోర్చుగీసువారి చర్చి ఉన్నది. వీరందరూ హుగ్లీ నది పడమటి ఒడ్డున, ఒకరి కళ్ళెదుట మరొకరు, బట్టల వ్యాపారం చేసుకుంటూ, తుపాకులు సరిచూసుకుంటూ కాలం గడిపారు.

ఇంజనీరు కలం కాబట్టి రైలు మార్గం గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. తూర్పు భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీ వరకు ఇదే దారిన నడిచింది. నిజానికి ఇంకా ముందే నడవవలసినది. పెట్టెలు తెస్తున్న ఓడ హుగ్లీ ముఖద్వారం వద్ద మునిగిపోయింది. ఇంజను తెస్తున్న ఓడ దారితప్పి ఆస్ట్రేలియా చేరింది. ఈ రెండూ చాలవన్నట్టు పట్టాలు ఫ్రెంచివారి చందన్‌నగర్ నేలమీదుగా పోవడానికి అనుమతి రావడం ఆలస్యమైంది. ప్రాజెక్టుల జాప్యానికి కారణాలు వ్రాసి పైకి పంపడంలో మూడు దశాబ్దాల అనుభవం గడించిన మాకు ఇంతటి తిరుగులేని కారణాలు ఏనాడూ దొరకలేదు.

చందన్‌నగర్ స్టేషనులో దిగి, ఇక్కడివారు 'టోటో' అని పిలిచే బ్యాటరీ రిక్షా ఎక్కి స్ట్రాండుకు చేరుకున్నాము. నది వెంబడి చెట్లనీడన సాగే విశాలమైన బాట, వరుసగా బల్లలు, ఎదుట నిదానంగా పారే గంగ. మా అమ్మాయి కాసేపటికి ముఖం విప్పి "ఇది కొంచెం అలాగే ఉంది" అని ఒప్పుకుంది. పారిస్ చూడనివారు పారిస్‌తో పోల్చడంలో ఒక సౌలభ్యమున్నది, కాదనేవారుండరు!

పాత ఫ్రెంచి పాలనాధికారుల నివాసం ఇప్పుడు మ్యూజియం. డూప్లే 1731 నుంచి పదేళ్ళపాటు ఈ పట్టణాన్ని ఏలి, దీనిని గొప్ప రేవుగా తీర్చి, ఆ పిదప పుదుచ్చేరికి గవర్నరుగా వెళ్ళాడు. ఇక్కడ మన తెలుగువారి కథ ఒకటి తగులుతుంది. 1757 జనవరి 24న బుస్సీ సేనలు బొబ్బిలి కోటను ముట్టడించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. సరిగ్గా రెండు నెలలు నిండకముందే, మార్చి 23న, క్లైవు, అడ్మిరల్ వాట్సన్ కలిసి చందన్‌నగర్‌లోని ఫ్రెంచి కోటను పట్టుకున్నారు. ఆ తరువాత మూడు నెలలకు ప్లాసీ. బుస్సీ దొర మన సర్కారు జిల్లాలలో ఉండగా ఇక్కడ వారి ఇల్లు కూలిపోయిందన్నమాట. కోటను ఆంగ్లేయులు నేలమట్టం చేశారు. పట్టణం మాత్రం చేతులు మారుతూ 1816లో తిరిగి ఫ్రెంచివారి వశమైంది.

1884 నాటి సేక్రెడ్ హార్ట్ చర్చినీ, రవీంద్రులు బస చేసిన పాతాళబాడినీ పైపైన చూశాము. అమ్మగారికి కాళ్ళు నొప్పి పుట్టడంతో మళ్ళీ స్ట్రాండు బల్లలమీదే చేరాము. అక్కడ కూర్చుని పిల్లలకు అరవిందుల కథ చెప్పాము. 1910 ఫిబ్రవరిలో కలకత్తాలో పోలీసుల నీడ వెన్నాడుతుండగా ఆయన రాత్రివేళ పడవ ఎక్కి ఈ ఒడ్డునే దిగారు. ఆంగ్లేయుల వారంటు ఇక్కడ చెల్లదు. కొన్ని వారాలు ఇక్కడ రహస్యంగా ఉండి, ఏప్రిల్ 4న పుదుచ్చేరి చేరారు. అదీ ఫ్రెంచి నేలే. రాస్ బిహారీ బోసు చదివిందీ ఈ ఊళ్ళోనే. కానాయిలాల్ దత్తు పుట్టిందీ ఇక్కడే. 'అవతల నేరమైనది ఇవతల నేరం కాదు' అన్న ఒక్క సదుపాయంవల్ల ఎందరో దేశభక్తులు ప్రాణాలు దక్కించుకున్నారు. మా చిన్నవాడికి ఇది దొంగా పోలీసు ఆటలో 'ఇల్లు' ముట్టుకోవడంలా తోచి, ఎంతో ఆనందించాడు.

అమ్మగారు ఆసక్తిగానే విన్నారు గాని ఏమీ అనలేదు.

భోజనాలైన పిదప జి.టి. రోడ్డు మీదనున్న స్వేచ్ఛాద్వారం చూడడానికి వెళ్ళాము. 1937లో కట్టినది. ఫ్రెంచి విప్లవపు మూడు మాటలు దానిమీద చెక్కి ఉన్నాయి. లారీలు, సైకిళ్ళు, టోటోలు దాని క్రింద నుంచి తోసుకుపోతున్నాయి. మా అమ్మాయి తన చదువు పనికివచ్చిన సంబరంలో బిగ్గరగా చదివింది: "లిబెర్తే, ఎగాలితే, ఫ్రతెర్నితే."

"ఏమిటే అమ్మడూ అవి, మంత్రాలా?" అన్నారు అమ్మగారు.

"స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం మామ్మా. ఫ్రెంచివాళ్ళు పాలించిన చోటల్లా ఇవే మాటలు."

"యానాంలోనూనా?"

అమ్మాయి మావైపు చూసింది. యానాం కూడా ఫ్రెంచివారిదే గనుక ఇవే మాటలని చెప్పాము.

అమ్మగారు ఆ ద్వారం వైపు కొంతసేపు చూసి, "స్వేచ్ఛ ఎవరికే?" అన్నారు.

మా తల్లిదండ్రుల వివాహం యానాంలో జరిగిందని మాకు తెలుసు. ఎందుకు అక్కడ జరిగిందో కూడా, చదువుకున్నవారము గనుక, తెలుసు. కానీ ఆవిడ నోట ఆ కథ వినడం అదే మొదటిసారి. 1929 నాటి శారదా చట్టం పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయరాదన్నది; 1949లో ఆ వయస్సును పదిహేనుకు పెంచారు. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. అందుచేత చుట్టుపట్ల గోదావరి మండలంలోని పెళ్ళివారు బండ్లు కట్టుకుని అక్కడికి తరలివెళ్ళేవారు. ఆ ఊరికి 'కల్యాణపురం' అన్న పేరే వచ్చింది.

"కాకినాడ నుంచి రెండు బండ్లు. ఇంజరం దాటాక మా నాన్న 'ఇక ఫరవాలేదు, మనల్ని ఎవరూ అడగరు' అన్నారు. అప్పటిదాకా ఎవరో అడుగుతారని నాకు తెలియనే తెలియదు. నాకు పదేళ్ళు. అయిదో క్లాసు. మా పందిరి పక్కనే ఇంకో పందిరి. ఆ పెళ్ళికూతురు నాకంటే చిన్నది, నిద్రపోతూంటే ఎత్తుకుని పీటలమీద కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక పలక తీసుకుని బడికి బయలుదేరితే, పెళ్ళయిన పిల్లకి బడేమిటన్నారు." ఇంతవరకు చెప్పి, "మీ తాతగారు మంచివారే, అది వేరే సంగతి" అని అమ్మాయితో అన్నారు.

ఆ పెళ్ళి 1952లో. అప్పుడు మాకొక లెక్క తోచి మనసు చివుక్కుమన్నది. చందన్‌నగర్ ప్రజలు 1949 జూన్ 19న ఓటువేసి భారతదేశంలో కలవాలని తేల్చిచెప్పారు. 1950 మే 2న పాలన మన చేతికి వచ్చింది. యానాంలో దడాల రఫేలు రమణయ్యగారు ముందుండి నడిపిన ఉద్యమంతో ఫ్రెంచి పాలన తొలగింది 1954 జూన్ 13న. యానాం కూడా చందన్‌నగర్‌తోపాటే వచ్చి ఉంటే, ఆ రెండు బండ్లు ఇంజరం దాటినా ప్రయోజనముండేది కాదు. అమ్మగారు కనీసం మరో అయిదేళ్ళు బడికి వెళ్ళి ఉండేవారు. అప్పుడు మేము పుట్టి ఉండేవారమా అన్నది వేరే ప్రశ్న; దానిని గురించి మాకు పెద్దగా పట్టింపు లేదు. ఆవిడ వారపత్రికల సీరియళ్ళు చదువుతూ, తెలియని మాటలకు మమ్మల్ని అర్థమడగడం చిన్ననాటినుంచి చూసినవారము.

అరవిందులకు ఆశ్రయమిచ్చిన గీతా, పదేళ్ళ పిల్లను చట్టానికి అందకుండా దాటించిన గీతా ఒక్క ప్రభుత్వమే గీసినవి. ఈ మాట పైకి అనలేదు. అనవలసిన అవసరం కనిపించలేదు. అమ్మాయి మామ్మ చేయి పట్టుకునే ఉంది. ఎప్పుడూ ఫోటోలు తీసే పిల్ల ఆ ద్వారం ఫోటో తీయలేదు.

చందన్‌నగర్ వెళ్ళి 'జొల్‌భరా సందేశ్' తినకుండా రావడం తగదు. తాటిముంజ ఆకారంలో ఉండే ఈ మిఠాయిని సూర్యకుమార్ మోదక్ అనే ఆయన సృష్టించాడంటారు. ఒక జమీందారు ఇంట కొత్త అల్లుడిని ఆటపట్టించడానికి పురమాయిస్తే, లోపల పన్నీటి పాకం దాచి తయారుచేశాడట. అల్లుడుగారు కొరకగానే పాకం చిమ్మి పట్టుబట్టలు తడిసిపోయాయట. అల్లుళ్ళను ఏడిపించడంలో వంగదేశం మన కోనసీమకు తీసిపోదు. అమ్మగారు దానిని జాగ్రత్తగా ఒక అంచున కొరికి, చుక్క పడకుండా తిన్నారు. మా చొక్కా మాత్రం తడిసింది. ఆవిడ చాలాసేపు నవ్వారు.

తిరుగు రైలులో అమ్మాయి తన పుస్తకం తీసి, యానాం పెళ్ళి సంగతులు ఒక్కొక్కటే అడిగి వ్రాసుకోసాగింది. ఎన్ని రోజులు ఉన్నారు, భోజనాలలో ఏమి పెట్టారు, బడిలో మాష్టారి పేరేమిటి. ఎదుటి బల్లమీద కూర్చున్న వంగ గృహిణి ఇది ఏ భాష అని మా శ్రీమతిని అడిగి తెలుసుకున్నది. శ్రీరాంపూర్ దాటాక అమ్మగారు ఆ పుస్తకంలో తన పేరు ఫ్రెంచిలో వ్రాసి చూపమన్నారు. అమ్మాయి వ్రాసింది. ఇంగ్లీషు అక్షరాలలాగే ఉన్నాయని ఆవిడ కొంత నిరాశపడ్డారు. తరువాత ఆ కలం తీసుకుని, దాని క్రిందనే, బండి కుదుపులకు ఆగి ఆగి, తెలుగులో తానే వ్రాసుకున్నారు.