దస్త్రం ఎక్కడ? తాళం ఎవరిది?

మాలో కొందరు జనగామ వారు, కొందరు మహబూబాబాద్ వారు, మరికొందరు భూపాలపల్లి వారు. ఊళ్ళు వేరైనను మా పెద్దల నోట తరచు వినవచ్చే ప్రశ్న ఒక్కటే: "భూమి కాగితం ఎక్కడున్నది?" నిజాం కాలమున ఉర్దూ పరిపాలనా భాష అగుటచే పాత సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీలు అనేకం ఆ భాషలోనే ఉన్నాయి. 2016 అక్టోబరు 11న మా మూడు పట్టణాలు జిల్లా కేంద్రాలైనాయి. భూహక్కుల నమోదు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారింది. కాగితం కంప్యూటరుకు చేరినను, అది ఎక్కడ ఉన్నది, ఎవరి చేతిలో ఉన్నది అనే ప్రశ్నలు మాత్రం మారలేదు.

గ్రంథాలయంలోని ఉర్దూ, తెలుగు పుస్తకాల పట్టికను డేటాబేస్‌లో ఉంచుటకు పూనుకొని, ప్రయోగశాలలో పోస్ట్‌గ్రెస్ సర్వరును నెలకొల్పినప్పుడు ఆ ప్రశ్నలే మాకు ఎదురైనాయి. ప్రారంభం కాకముందే సర్వరు రెండు సంగతులు తేల్చుకుంటుంది: సమాచారం ఉన్న డైరెక్టరీ ఏది? దాని యజమాని ఎవరు? లైనక్స్‌లో అనుమతులను అంకెలతో వ్రాస్తారు. చదువుటకు 4, వ్రాయుటకు 2, ప్రవేశించుటకు 1. మొదటి స్థానం యజమానిది, రెండవది బృందానిది, మూడవది ఇతరులది. 700 అనగా యజమానికి సర్వాధికారం, తక్కిన వారికి శూన్యం. 2018లో వెలువడిన 11వ వెర్షను నుండి 750 కూడా సమ్మతమే. అప్పుడు బృందం చదువగలదు గాని మార్చలేదు. అంతకు మించి తలుపు తెరచినచో సర్వరు లేవదు. సర్వాధికారియైన రూట్ పేరుతో నడుపబూనినను నిరాకరిస్తుంది.

"అందరికీ 777 ఇచ్చివేస్తే పోదా?" అని మాలో ఒక మిత్రుడు అడిగాడు. పోదు. ముహాఫిజ్‌ఖానాలో ఎవరికి వారు దస్త్రాల కట్టలు విప్పుకొనరు. దరఖాస్తు పెట్టి నకలు పొందుతారు. అట్లే డేటాబేస్ ఫైళ్ళను ఎవరూ స్వయంగా తాకరాదు. సర్వరును అడిగి కావలసినది పొందవలె. ఎవరు, ఎక్కడి నుండి, ఏ గుర్తింపుతో అడుగవచ్చునో హెచ్‌బీఏ అనే వేరొక ఫైలు చెబుతుంది. లోపలికి వచ్చిన తరువాత ఎవరు చూడవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో డేటాబేస్‌లో ఇచ్చిన హక్కులు నిర్ణయిస్తాయి. పాఠకుడు పట్టికను చూడవలె, దిద్దరాదు. రైతు తన పహాణీని చూడగలగవలె, పరులు దానిని దిద్దరాదు. చూచే హక్కును, దిద్దే హక్కును వేరుచేయుటయే అనుమతుల సారం. అందరికీ అన్నీ మూయుట కాదు, అందరికీ అన్నీ తెరచుట అంతకన్నా కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. విద్యార్థులం మేము ఏటేటా వచ్చి పోయేవారం. సర్వరు మాత్రం ఇక్కడే ఉంటుంది. డైరెక్టరీ ఉన్న చోటు, యజమాని ఖాతా పేరు, ప్రతులు భద్రపరచిన స్థలం గ్రంథాలయ రిజిస్టరులో తెలుగు, ఉర్దూలలో వ్రాయించవలె. రహస్యపదం సీలు వేసిన కవరులో ప్రిన్సిపాలు గారి వద్ద ఉండవలె. మా తరువాత చేరే విద్యార్థి ఆ రిజిస్టరు చూచి, ఎవరినీ వెదుకనక్కర లేకుండా పని అందుకొనగలగాలని మా ఆకాంక్ష.